గయానా (ఘానా కాదు!) 18 రోజులు, ఒక్కడినే, జూన్‌లో... నడుస్తుందా?

సంచి_భుజాన
ముందే చెప్తున్నా, ఆఫ్రికాలో ఉన్న ఘానా కాదు. దక్షిణ అమెరికా నెత్తిన వెనెజువెలా, బ్రెజిల్, సురినామ్ మధ్య ఇరుక్కున్న గయానా. తెలుగులో వెతికితే ఘానా వస్తోంది, ఇంగ్లీషులో వెతికితే జేబు చిల్లుపడే లాడ్జి ప్యాకేజీలు వస్తున్నాయి. నా దగ్గరున్నవి 18 రోజులు, 45 లీటర్ల బ్యాగు, ఇండియన్ పాస్‌పోర్టు. ప్లాను: జార్జ్‌టౌన్ 2 రోజులు, కైటూర్ జలపాతానికి అడవిలో నడక 5 రోజులు, అట్నుంచి అటే రోడ్డు మీద బ్రెజిల్ సరిహద్దు ఊరు లెతెమ్, దాని చుట్టూ ఉన్న రూపునూని మైదానాల్లో 5 రోజులు, మిగతాది సురినామ్. జూన్ 8న దిగుదామని. టికెట్ ఇంకా కొనలేదు. ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పండి.

పప్పుచారు99
ప్లాను బాగుంది, జూన్ అన్న ముక్క తీసేస్తే.

తాబేలు_నడక
పైన చెప్పినదానికి కారణం కూడా రాస్తా. గయానాలో వానలు రెండు లెక్కల్లో పడతాయి. కోస్తాలో, అంటే జార్జ్‌టౌన్ వైపు, ఏడాదికి రెండు వానాకాలాలు: మే నుంచి ఆగస్టు సగం దాకా ఒకటి, నవంబరు సగం నుంచి జనవరి దాకా ఇంకోటి. లోపల రూపునూనిలో ఒకటే, మే నుంచి ఆగస్టు, కొన్నేళ్లు సెప్టెంబరు దాకా సాగుతుంది. జూన్ అంటే రెండుచోట్లా నడివాన. రూపునూనిలో అప్పుడు మైదానం మైదానంలా ఉండదు, చెరువైపోతుంది. అమెజాన్ వైపు పారే నీళ్లూ ఎసెక్విబో నది వైపు పారే నీళ్లూ వరదలో కలిసిపోతాయి. ఊరికీ ఊరికీ మధ్య జీపు బదులు పడవ. జీపు షేరింగులో దొరుకుతుంది గానీ పడవకి పెట్రోలు మొత్తం నీ నెత్తినే పడుతుంది. బడ్జెట్ చెడేది అక్కడే.

నీ దారిలో ఇంకో చిక్కు: కైటూర్ నుంచి లెతెమ్‌కి అడ్డదారి లేదు. నడిచి ఎక్కినవాడు మాహ్దియా అనే గనుల ఊరి మీదుగా వెనక్కి రావాలి, లేదా విమానంలో జార్జ్‌టౌన్ చేరి మళ్లీ రోడ్డెక్కాలి. "అట్నుంచి అటే" అన్నది మ్యాపులోనే కుదురుతుంది.

హామక్_మావ
అందరూ జూన్‌ని తిడుతున్నారు గానీ కైటూర్‌ని నిండుగా చూడాలంటే వానలే దిక్కు. 226 మీటర్లు ఒకే దూకు. ఎండాకాలం చివర్లో, మార్చి-ఏప్రిల్‌లో, నీళ్లు బాగా సన్నబడతాయి. అంత దూరం పోయి సన్నధార చూసొస్తారా?

తాబేలు_నడక
మావా, నిండుగా ఉంటుంది సరే, కనిపించాలిగా. వానల్లో పొద్దున్నే మబ్బు కమ్మితే చిన్న విమానం కదలదు. కదిలినా లోయ అంతా తెల్లటి పొగ. సెప్టెంబరు చివర, అక్టోబరు చూడు: వానలు అయిపోయి ఎంతోకాలం కాదు కాబట్టి కైటూర్ ఉన్న పొటారో నదిలో ఇంకా నీళ్లుంటాయి, కోస్తా పొడిగా ఉంటుంది, లెతెమ్ రోడ్డు ఆరి ఉంటుంది. రెండూ కలిసొచ్చే నెల అదొక్కటే.

హామక్_మావ
అక్టోబరు అంటే నేనూ ఒప్పుకుంటా. మార్చి అనేవాళ్లతోనే నా పేచీ.

విశాఖ_తీరం
అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. దీన్ని తేలిగ్గా తీసుకోకు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసు. పాస్‌పోర్టు పట్టుకెళ్లాలి, పసుపు రంగు కార్డులో ఆ నంబరు రాస్తారు. రాసింది అక్కడే సరిచూసుకో, ఒక్క అంకె తప్పినా చిక్కే. టీకా వేసిన 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది.

చాలామంది "గయానా వాళ్లు అడుగుతారా లేదా" అని చూస్తారు. అసలు పట్టుకునేది మనవాళ్లే. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి చెల్లే కార్డు లేకుండా ఇండియాలో దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే రూలుంది. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లూ, 60 దాటినవాళ్లూ డాక్టర్‌తో మాట్లాడకుండా వేయించుకోకూడదు.

పప్పుచారు99
అంటే 18 రోజుల ట్రిప్పు కాస్తా 24 రోజులవుతుంది. ఆఫీసులో లీవు ఎవరిస్తారు?

సంచి_భుజాన
టీకా సంగతి నాకు అసలు తెలియదు. మలేరియా మాత్రలు కూడా కావాలా?

విశాఖ_తీరం
జార్జ్‌టౌన్ వరకే అయితే భయం తక్కువ. లోపలికి, ముఖ్యంగా బంగారు గనులున్న మాహ్దియా వైపు వెళ్తే తప్పదు. అక్కడ ఫాల్సిపారమ్ అనే ప్రమాదకరమైన మలేరియా రకం కూడా ఉంది. డాక్సీసైక్లిన్ అయితే వెళ్లడానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి వచ్చాక 4 వారాలు వేసుకోవాలి. చర్మం ఎండకి తొందరగా కమిలిపోతుంది, ఖాళీ కడుపున మింగితే గుండెలో మంట. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ఖరీదు ఎక్కువ గానీ వచ్చాక 7 రోజులు చాలు. ఏది నీకు సరిపడుతుందో డాక్టర్ చెప్పాలి, ఈ థ్రెడ్ కాదు.

స్కార్‌బరో_సుబ్బలు
వీసా ఎవరూ అనలేదేంటి? ఇండియన్ పాస్‌పోర్టుకి గయానా వీసా ముందే తీసుకోవాలి, ఢిల్లీలో వాళ్ల హైకమిషన్ ఉంది. దారి కూడా చూసుకో తమ్ముడూ. మయామీ, న్యూయార్క్ మీదుగా చవగ్గా కనిపిస్తుంది గానీ అమెరికాలో విమానం మారడానికి కూడా వీసా కావాలి, ఎయిర్‌పోర్టులోనే కూర్చుంటానంటే కుదరదు. అమెరికా వీసా లేనివాళ్లు పనామా మీదుగా చూడాలి. పనామా నుంచి జార్జ్‌టౌన్‌కి కోపా విమానం ఉంది. మొత్తం ఒకే టికెట్ మీద ఉండాలి. రెండు ముక్కలుగా కొంటే పనామాలో లగేజీ బయటికి తీసుకోవాల్సి వస్తుంది, దానికి మళ్లీ వీసా. ఐరోపాలో ఎక్కడ మారుతున్నావో ఆ దేశం ట్రాన్సిట్ రూలు కూడా విడిగా చూడు.

నాలాగా టొరంటోలో ఉన్నవాళ్లకి తేలిక. స్కార్‌బరోలో సందుకో గయానా రోటీ షాపు, ట్రిప్పు సలహా రోటీతో పాటు ఉచితం.

పప్పుచారు99
బుకింగులో జార్జ్‌టౌన్ అని కొడితే మలేసియా పెనాంగ్‌దీ, కేమన్ దీవులదీ కూడా వస్తాయి, జాగ్రత్త. నీకు కావలసింది జీ ఈ ఓ అనే ఎయిర్‌పోర్టు కోడు ఉన్నది. ముందు ఘానాని దాటావు, ఇప్పుడు ఇంకో రెండు జార్జ్‌టౌన్‌లు దాటాలి.

తాబేలు_నడక
దిగేది చెడ్డీ జగన్ ఎయిర్‌పోర్టులో, ఊరికి దక్షిణంగా 40 కిలోమీటర్లు. 42 నంబరు మినీబస్సు ఊళ్లోకి పోతుంది. పగలు దిగితే దాంట్లో వెళ్లు, రాత్రి దిగితే టాక్సీయే. కైటూర్ విమానాలు అక్కణ్ణుంచి కావు, ఊరి పక్కనే ఉన్న ఓగల్ నుంచి. ఈ రెంటినీ కలగలిపి వేరే ఎయిర్‌పోర్టుకి పోయి నిలబడితే ఆ రోజు పోయినట్టే.

జార్జ్‌టౌన్‌లో 2 రోజులు సరిగ్గా సరిపోతాయి. స్టాబ్రోక్ మార్కెట్, చెక్కతో కట్టిన సెయింట్ జార్జ్ కెథడ్రల్, సాయంత్రం సముద్రపు గోడ. ఊరు సముద్రం పోటు మట్టానికి కింద ఉంటుంది. కాలవల మీద కోకర్లని తూములుంటాయి, ఆటు వేళ తలుపులెత్తి నీళ్లు సముద్రంలోకి వదుల్తారు, పోటు వస్తే దించేస్తారు. గోదావరి లాకులు చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మార్కెట్లో ఫోను పైజేబులో పెట్టకు. చీకటి పడ్డాక నడక వద్దు.

సంచి_భుజాన
డబ్బు సంగతి? కార్డు పనిచేస్తుందా?

తాబేలు_నడక
అమెరికన్ డాలర్‌కి సుమారు 208-210 గయానా డాలర్లు, చాలా ఏళ్లుగా అక్కడక్కడే ఉంది. విదేశీ కార్డులు కొన్ని ఏటీఎంలలోనే పనిచేస్తాయి. లోపలికి పోయాక లెతెమ్ చేరేదాకా ఏటీఎం ఆశ పెట్టుకోకు, ఆ దారిలో అంతా నగదే. అమెరికన్ డాలర్లు తెచ్చుకుని జార్జ్‌టౌన్‌లో కాంబియోలో (డబ్బు మార్చే షాపులో) మార్చుకో. 5,000 నోట్లు ఎక్కువ తీసుకోకు, పల్లెల్లో చిల్లర ఉండదు. 500, 1,000 నోట్లు దొంతరగా పెట్టుకో.

2019 డిసెంబరులో సముద్రంలో చమురు తీయడం మొదలైంది, అప్పట్నుంచి జార్జ్‌టౌన్‌లో గదుల అద్దెలు పైకి పోయాయి. పాత బ్లాగుల్లో ఉన్న రేట్లు చదివి బడ్జెట్ వేస్తే మొదటి రాత్రే తేడా కొడుతుంది.

పాలపిట్ట
కైటూర్‌కి నడకా, విమానమా అన్నది తేల్చకుండా వదిలేశారు. నడక దారి ఇది: మాహ్దియా దాకా బండి, పమేలా లాండింగ్‌లో పడవ, పొటారో మీద అమటుక్, వరటుక్ దగ్గర జలపాతాలు అడ్డొస్తాయి కాబట్టి సామాను దింపి మోసుకుని అవతల ఇంకో పడవ ఎక్కడం, టుకీట్ దగ్గర రాత్రి, పొద్దున్నే కొండెక్కుడు. ఆ ఎక్కుడికి "ఓ మై గాడ్" అనే పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. గైడు లేకుండా కుదరదు. పడవలూ గైడూ తిండీ ఒక్కడి మీదే పడితే విమానం కంటే ఖరీదు. నలుగురు జతైతేనే గిట్టుబాటు.

విమానం అయితే గంట ప్రయాణం, జలపాతం దగ్గర రెండు గంటలు. 200 డాలర్ల పైమాటే. సీట్లు నిండకపోతే లేవదు, ముందు రోజు సాయంత్రం "రేపు లేదు" అంటారు. అందుకని కైటూర్‌ని ట్రిప్పు చివరి రోజుకి పెట్టకు, మొదట్లోనే పెట్టు. తప్పినా ఇంకో రెండు అవకాశాలుంటాయి. ఎక్కేముందు నిన్నూ బ్యాగునూ తూకం వేస్తారు.

పైన అంచున రెయిలింగు ఉండదు. తడి రాతి మీద రబ్బరు చెప్పులతో అంచుకి పోకు. గైడుని అడిగి పెద్ద బ్రొమీలియడ్ మొక్కల మొదట్లోకి తొంగిచూడు. ఆకుల మధ్య నిలిచిన చెంచాడు నీళ్లలో బంగారు రంగు కప్ప ఉంటుంది, బొటనవేలి గోరంత. అది పుట్టి పెరిగి గుడ్లు పెట్టేది ఆ నీళ్లలోనే. జనమంతా జలపాతంతో సెల్ఫీ దిగి, కప్పని దాటుకుని వెళ్లిపోతారు.

పప్పుచారు99
తూకం అందరి ముందా? అయితే నేను నడిచే వెళ్తా.

తాబేలు_నడక
ఇప్పుడు అసలు సరుకు, లెతెమ్ రోడ్డు. జార్జ్‌టౌన్ నుంచి లిండెన్ దాకా తారు. అక్కణ్ణుంచి లెతెమ్ దాకా సుమారు 450 కిలోమీటర్లు ఎర్రమట్టి రోడ్డు. లిండెన్-మబూరా ముక్కకి తారు పనులు 2022లో మొదలయ్యాయి. మినీబస్సులు సాయంత్రం బయల్దేరతాయి, ఎందుకో చెప్తా. కురుపుకారి దగ్గర ఎసెక్విబో దాటించే పంటు పొద్దున 6కి మొదలై సాయంత్రంతో ఆగిపోతుంది. దాని తర్వాత వచ్చే ఇవోక్రామా అడవి రోడ్డు రాత్రిళ్లు మూసేస్తారు. అందుకని బస్సు రాత్రంతా నడిచి, నడుమ ఎక్కడో ఊయలలు కట్టుకునే చోట ఆగి, తెల్లారేసరికి పంటు దగ్గర క్యూలో ఉంటుంది. ఎండాకాలంలో 12 నుంచి 16 గంటలు. వానల్లో ఎన్ని గంటలో డ్రైవరు కూడా చెప్పడు. బురదలో ఒక లారీ కూరుకుపోతే దాని వెనక అన్నీ ఆగిపోతాయి.

కూర్చునే చోటు: డ్రైవరు వెనక వరస. చివరి వరసలో కూర్చుంటే ప్రతి గుంతా నడుముకే. బ్యాగుని రెండు నల్ల చెత్తకవర్లలో మూటగట్టి పైన వేయించు, లేకపోతే జిప్పు పళ్లలో దూరిన ఎర్రదుమ్ము ఇంటికొచ్చి ఉతికినా వదలదు. పాస్‌పోర్టు ఆ మూటలో పెట్టకు. దారి పొడుగునా పోలీసు చెక్‌పోస్టుల్లో దింపి పేరు రాసుకుంటారు, నడిరాత్రి కూడా.

స్కార్‌బరో_సుబ్బలు
ఈ దారిలో ఆడపిల్ల ఒక్కతే అయితే ముందు రోజే కౌంటర్‌కి పోయి ముందు సీటు రాయించుకోవాలి. ఆ రాత్రి మజిలీలో టాయిలెట్ పేరుకే. టార్చి, టిష్యూ చేతి సంచిలో ఉండాలి.

హామక్_మావ
అక్కడ లేచిన మాటే కాబట్టి ఊయల గురించి రాస్తా, ఎవరూ అడక్కపోయినా. గది కంటే ఊయల కట్టుకునే చోటు బాగా చవక. గడ్డికప్పు పాకని బెనాబ్ అంటారు, దాని స్తంభాలకి కట్టుకోవచ్చు. ఊయలా దోమతెరా జార్జ్‌టౌన్‌లోనే కొనుక్కో.

కట్టడం: స్తంభాల మధ్య 4 మీటర్లు, నాలుగున్నర దాటకూడదు. తాడు తలెత్తున కట్టి ఊయల వదులుగా వేలాడనివ్వు. బిగించి కడితే అరటికాయలా నడుం వంగుతుంది. పడుకునేటప్పుడు నిలువుగా కాదు, ఏటవాలుగా. అప్పుడు వీపు సమంగా పరుచుకుంటుంది. అడవిలో చెట్లకి కడితే ముందు పైకి చూడు, ఎండుకొమ్మ ఉందేమో. తర్వాత బెరడు చూడు, చీమల బారు ఉందేమో. పైన టార్పాలిన్ వేసినా వాన నీళ్లు తాడు పట్టుకుని జారి నడుం కిందికి వస్తాయి. దానికి మందు: ఊయలకి జానెడు ముందు తాడుకి ఒక గుడ్డపీలిక ముడేసి వేలాడదీయి, నీళ్లు అక్కడే బొట్లుగా రాలిపోతాయి. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకో. దీనికి కారణం చెప్పను.

సంచి_భుజాన
చెప్పేశారుగా మావా.

పాలపిట్ట
రూపునూనిలో 5 రోజులంటే రెండు ఊళ్లకే సరిపోతాయి, నాలుగు పెట్టుకోకు. సురామా ఒకటి: మకుషీ ఆదివాసీల ఊరు, ఊరివాళ్లే నడిపే బస, హార్పీ గద్ద గూడు ఎక్కడుందో వాళ్లకి ముందే తెలిసి ఉంటుంది. రెండోది రేవా: అన్నాయ్ దగ్గర నుంచి పడవలో, అరపైమా చేపకీ పెద్ద నీటికుక్కలకీ. ఎండాకాలం ముదిరాక నది అడుగంటి పడవని ఇసుక మీద లాగాల్సొస్తుంది, అక్టోబరులో ఆ బాధ తక్కువ. దారిలో ఇవోక్రామా కానోపీ వాక్‌వే ఉంది, చెట్ల కొనల ఎత్తున 30 మీటర్ల మీద వేలాడే వంతెనలు. ఖరీదే, అయినా దాటేయకు.

ఒక్క మాట గట్టిగా. అవి టూరిస్టు స్పాట్లు కావు, ఆదివాసీ ఊళ్లు, భూమి వాళ్లది. ఊరి పెద్దని తొషావో అంటారు. ముందే కబురు పెట్టి విలేజ్ కౌన్సిల్ అనుమతితో వెళ్లాలి. మనుషుల్ని అడక్కుండా ఫొటో తీయకు, డ్రోను అసలు వద్దు.

విశాఖ_తీరం
మైదానంలో కబౌరా అని చిన్న నల్ల ఈగ ఉంటుంది, కుట్టిన చోట నెత్తుటి చుక్క నిలుస్తుంది, గోకితే వారం. గడ్డిలో బెత్ రూజ్ అనే ఎర్ర నల్లి సాక్సు పట్టీల దగ్గరా నడుం పట్టీ కిందా చేరుతుంది. ప్యాంటు సాక్సులో దోపుకో, గడ్డిలో కూర్చోకు. వాగులో దిగితే కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడుస్తూ నడువు. టేకు చేప (స్టింగ్‌రే) ఆ కదలికకి పక్కకి తప్పుకుంటుంది, తొక్కితే మాత్రం ముల్లు దిగుతుంది.

సంచి_భుజాన
నేను వెజిటేరియన్. బతుకుతానా?

స్కార్‌బరో_సుబ్బలు
కోస్తాలో రాజాలా బతుకుతావు. 1838 నుంచి 1917 దాకా ఇండియా నుంచి కూలీల్ని చెరకు తోటలకి తీసుకెళ్లారు, అందుకే దాల్ పూరీ, కాల్చిన వంకాయ చోకా, కాకరకాయ, బోరా పేరుతో మన అలసందకాయలు, ఫొలౌరీ బజ్జీల మీద పుల్ల మామిడి చట్నీ. గుళ్లో, పెళ్లిలో తామరాకు మీద ఏడు కూరలు వడ్డిస్తారు. విరివిరి మిరపకాయ చెర్రీ పండులా ముద్దుగా ఉంటుంది, గుంటూరు వాళ్లు కూడా సగమే కొరకండి.

మద్రాసు ఓడల్లో వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి మద్రాసీలనే అంటారు. బెర్బిస్ వైపు కాళీమాయి గుళ్లలో పూజకి తప్పు డప్పు మోగుతుంది. దీపావళి ముందు రోజు జార్జ్‌టౌన్‌లో దీపాలతో అలంకరించిన బండ్ల ఊరేగింపు ఉంటుంది, నీ తేదీలు కలిస్తే వదలకు.

పాలపిట్ట
లోపల అంత సుఖం లేదు. అక్కడి బలం కర్రపెండలం. చేదు రకం దుంపలో సైనైడ్ విషం ఉంటుంది. తురిమి, మటపీ అని అల్లిన పొడుగాటి గొట్టంలో కూరి, కింద కర్ర దూర్చి దాని మీద కూర్చుంటారు. గొట్టం సాగి సన్నబడి రసమంతా పిండేస్తుంది. పిండిని వేయిస్తే ఫరీన్, కాలిస్తే రొట్టె. ఆ విషపు రసాన్నే నల్లగా చిక్కబడేదాకా మరిగిస్తే కసరీప్, పెప్పర్‌పాట్‌కి రంగూ రుచీ అదే. కానీ పెప్పర్‌పాట్ అంటే మాంసం, "కూర మాత్రం వెయ్యండి" అన్నా అదే కుండ. సామర్లకోట వాళ్లు ఈ దుంపతో సగ్గుబియ్యం దగ్గరే ఆగిపోయారు పాపం.

వెజ్ వాళ్లు ఫరీన్‌లో పప్పుల పొడి కలుపుకుని లాగించవచ్చు. పంటికింద రాయిలా తగులుతుంది, నీళ్లు చల్లి పది నిమిషాలు నాననివ్వు. అరనపుటా పల్లీ వెన్న దొరికితే రెండు సీసాలు కొను.

తాబేలు_నడక
లెతెమ్ నుంచి తకుతు వంతెన దాటితే బ్రెజిల్. గయానాలో బండ్లు ఎడమపక్క, బ్రెజిల్‌లో కుడిపక్క, వంతెన దగ్గర రోడ్లు ఒకదాని కింద ఒకటి దూరి పక్కలు మార్చుకుంటాయి, అది చూడ్డానికైనా అక్కడి దాకా పో. బ్రెజిల్ వీసా లేకపోతే అక్కడితో ఆగు. "ఊరికే అవతలి ఊరు బొన్‌ఫిమ్‌లో భోంచేసి వద్దాం, ఎవరూ చూడరు" అనేవాళ్ల మాట వినకు.

సురినామ్ మాత్రం ఈ 18 రోజుల్లోంచి తీసెయ్యమంటా. మోల్సన్ క్రీక్ నుంచి సరిహద్దు నది దాటించే పంటు రోజుకి ఒక్కటే, పొద్దున పూట. జార్జ్‌టౌన్ నుంచి తెల్లవారుజాము 4కే బయల్దేరాలి. దారిలో బెర్బిస్ తేలుడు వంతెన ఓడల కోసం తెరిచే వేళ పడిందా, గంటన్నర కూర్చోవడమే. పైగా సురినామ్ గడియారం గంట ముందు, తిరుగు పంటు తప్పేవాళ్లు ఎక్కువగా తప్పేది ఆ గంట వల్లే. స్ప్రింగ్‌లాండ్స్‌లో "బ్యాక్‌ట్రాక్" స్పీడు బోటు అని పిలుస్తారు, ఎక్కకు. స్టాంపు పడదు, తర్వాత దేశం వదిలేటప్పుడు జవాబు చెప్పుకోలేవు.

హామక్_మావ
సురినామ్ తీసెయ్యడం అన్యాయం. దాని రాజధాని పరమరిబో చూడదగ్గ ఊరు.

తాబేలు_నడక
చూడదగ్గదే మావా, 25 రోజులున్నవాడికి.

సంచి_భుజాన
సరే, మార్చేశా. అక్టోబరు మొదటివారం. జార్జ్‌టౌన్ 4 రోజులు, అందులో కైటూర్ విమానం రెండో రోజుకి, తప్పితే మూడు, నాలుగు. బస్సులో సురామా, అక్కణ్ణుంచి రేవా, తర్వాత లెతెమ్ 2 రోజులు, వెనక్కి అదే రోడ్డు. తిరుగు విమానానికి ముందు 3 రోజులు ఖాళీ వదిలేశా. సురినామ్ లేదు. టీకా వచ్చే సోమవారం. ఊయలకి తాడు ఎంత కొనాలి?

హామక్_మావ
ఒక్కో కొసకి 3 మీటర్లు, ఇంకో 2 మీటర్లు దోమతెర పైన కట్టడానికి. మొత్తం 8 మీటర్లు, చిటికెన వేలి మందం. నైలాన్ నున్నటిది కొనకు, రాత్రి జారుతుంది. అల్లిన పాలిస్టర్ తీసుకుని, కొసలు లైటర్‌తో కాల్చి అతికించుకో. లైటర్ మాత్రం అక్కడే కొను, చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు.

పప్పుచారు99
గుడ్డపీలిక మర్చిపోయావు మావా.

హామక్_మావ
అది కొనక్కర్లేదు. ఆ రోడ్డు మీద ఒక రాత్రి ప్రయాణం చేశాక ఏదో ఒక బనియన్ ఎలాగూ పీలికకే పనికొస్తుంది.